గుడ్డ వెనకవైపు ఇరవై మూడు ముడులు: ఒక తల్లి మగ్గం పని నేర్చుకున్న పది నెలల కేస్ స్టడీ

నల్గొండలో మగ్గం పని, అంటే చట్రానికి బిగించిన గుడ్డ మీద కొక్కెం సూదితో చేసే ఎంబ్రాయిడరీ, నేర్పడం మొదలుపెట్టి నాకు పదహారేళ్లయింది. నా దగ్గర చేరేవాళ్లలో ఎక్కువమంది పిల్లల తల్లులే. మూడో నెల తిరిగేసరికి మానేసేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ. శ్రద్ధ చాలక మానేస్తున్నారని చాలాకాలం అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని నా చేత మార్పించిన ఒక విద్యార్థిని గురించి, పది నెలల పాటు రాసుకున్న నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు మార్చి సరిత అంటాను. ఇంటి ఆనవాళ్లు కూడా కొన్ని మార్చాను. కుట్టు లెక్కలు మాత్రం పుస్తకంలో ఉన్నవే.

ఆమె, ఆమె ఇల్లు

సరితకు 33 ఏళ్లు. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. భర్త మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో పని చేస్తాడు. పొద్దున ఏడున్నర బస్సుకు వెళ్తే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు నిలబడలేరు. రామగిరి వైపు రెండు గదుల అద్దె ఇల్లు. వంట, బట్టలు, పిల్లల చదువు, అత్తగారి మందులు అన్నీ సరిత చేతి మీదుగానే నడుస్తాయి.

పుట్టిల్లు పుట్టపాక దగ్గర చేనేత కుటుంబం. ఆమె తల్లి ఏళ్ల తరబడి ఆసు పోసింది. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టడమే ఆసు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడించాల్సిన పని అది. తన తల్లి ఆ పనితో పడే బాధ చూడలేకే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సరిత వాళ్లింటికి ఆ యంత్రం వచ్చేనాటికి తల్లి కుడి భుజం అప్పటికే పాడైపోయింది. అందుకే చేరిన రోజు సరిత ఫీజు గురించో, ఎన్నాళ్లలో పని వస్తుందనో అడగలేదు. "మేడం, ఇందులో భుజం ఎంత నొస్తుంది?" అని అడిగింది.

ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "పొద్దుటి నుంచి రాత్రి దాకా చేసిన పనేదీ మర్నాటికి మిగలడం లేదు. అన్నం తినేస్తారు, బట్టలు మాసిపోతాయి. మిగిలే పని ఒకటి చేయాలని ఉంది" అంది. ఆ మాట ఆ రోజే పుస్తకంలో రాసుకున్నాను. ఫీజు పొదుపు సంఘంలో తాను దాచుకున్న డబ్బులోంచి కట్టింది.

మొదటి రెండు నెలలు, నా పొరపాటు

మగ్గం పని తెలియనివాళ్ల కోసం ఇక్కడ కాస్త చెప్పాలి. గుడ్డను చట్రానికి వేలితో కొడితే డప్పులా మోగేంత బిగువుగా కట్టాలి. కుడిచేయి గుడ్డ పైన సూదితో ఉంటుంది, ఎడమచేయి గుడ్డ కింద దారంతో ఉంటుంది. ఈ సూది మొనకు చిన్న కొక్కెం ఉంటుంది. సూది కిందికి దిగగానే ఎడమచేయి ఆ కొక్కేనికి దారం చుట్టాలి. కుడిచేయి సూదిని అర చుట్టు తిప్పి ఉచ్చును పైకి లాగాలి. తిప్పడం మరిచిపోతే కొక్కెం గుడ్డ నూలుకు తగులుకుంటుంది. ఎడమచేయి ఏం చేస్తున్నదో కంటికి కనిపించదు. ఆ అంచనా చేతికే పట్టుబడాలి, దానికి రోజూ ఎంతో కొంత చేయి ఆడాలి.

కొత్తగా చేరిన అందరికీ పదో రోజున ఒకే పరీక్ష పెడతాను. కోరా గుడ్డ మీద అడుగు పొడవున గీత గీసి, దాని మీద గొలుసు కుట్టు వేయమంటాను. సరితకు 26 నిమిషాలు పట్టింది. ఉచ్చు తొమ్మిదిసార్లు జారింది, కొక్కెం నాలుగుసార్లు గుడ్డకు తగులుకుంది. కొత్తవాళ్లకు ఇది మామూలే. దారం మీద ఆమె పట్టు మాత్రం మిగతావాళ్లకంటే మేలుగా ఉంది. బిగువు ఎక్కడా మారలేదు.

పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఉండే బ్యాచ్‌లో చేర్చాను. జూలైలో 26 పని దినాలకు ఆమె వచ్చింది 11 రోజులు. ఒకరోజు అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది, ఒకరోజు బాబుకు జ్వరం, ఒకరోజు నల్లా నీళ్లు ఆలస్యంగా వదిలారు. ఒకసారి అందరి ముందూ, "ఇలా అయితే ఏడాదికి కూడా నీకు రాదమ్మా" అన్నాను. ఆమె తలవంచుకుని చట్రం ముందు కూర్చుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గుడ్డ తిరగేసిన రోజు

ఆగస్టు మొదటి వారంలో ఇంట్లో కుట్టిన గుడ్డ తీసుకురమ్మన్నాను. అరగజం కోరా గుడ్డ. ఒక మూల పసుపు మరక. దాని మీద అడుగు పొడవు గొలుసు కుట్లు రెండు వరుసలు. పైనుంచి చూస్తే కుట్టు పరవాలేదు, అక్కడక్కడా సన్నబడింది. అలవాటు కొద్దీ తిరగేసి చూశాను.

వెనకవైపు రెండు వరుసల్లో కలిపి 23 ముడులున్నాయి.

గొలుసు కుట్టులో దారం తెంపినప్పుడల్లా వెనక ముడి వేయాలి. అడుగు పొడవుకు మొదట ఒకటి, చివర ఒకటి ఉంటే చాలు. రెండు వరుసలకు నాలుగు ముడులు ఉండాల్సిన చోట 23 ఉన్నాయంటే ఆమె పందొమ్మిదిసార్లు మధ్యలో లేచిందన్నమాట. ఒక ముడి మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నాను. "కుక్కరు కూత" అంది. పక్కది? "బాబు నిద్ర లేచాడు." ఆ తర్వాతది? "ఎవరో తలుపు కొట్టారు." ఇంకొకటి అత్తమ్మకు నీళ్లు. దాదాపు అన్నింటికీ కారణం చెప్పగలిగింది. కొన్నిచోట్ల ముడికీ ముడికీ మధ్య అంగుళం కూడా లేదు.

ఆ పది నిమిషాలు లేకపోతే ఈ కేసును కూడా "మధ్యలో మానేసింది" అని రాసి పుస్తకం మూసేసేదాన్ని. అన్నిసార్లు లేచి, అన్నిసార్లు తిరిగి వచ్చి కూర్చున్న మనిషికి శ్రద్ధ లేదని ఎలా అనగలను?

ఆ వారమంతా ఆమె చేత ఒక లెక్క రాయించాను. పనికి కూర్చున్న సమయం, లేచిన సమయం, కారణం. లెక్క చూశాక నా అంచనా రెండోసారి తప్పింది. ఆమె సమయం తినేస్తున్నది పిల్లలో వంటో అనుకున్నాను. అసలు ఎక్కువ సమయం చట్రానికే పోతున్నది. రెండు స్టూళ్ల మధ్య పెద్ద చట్రం ఆనించి గుడ్డ బిగించడానికి ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం మూడున్నరకు పిల్లలు వచ్చేలోగా గుడ్డ విప్పి, చట్రం మంచం కిందికి తోసి, స్టూళ్లు వంటింట్లో పెట్టడానికి పది నిమిషాలు. రోజుకు గంట దొరికితే అందులో సగం కట్టడం, విప్పడంలోనే గడిచిపోతున్నది. పైగా ఇరవై నిమిషాల సమయం చిక్కినప్పుడు, బిగించడానికే చాలదు కదా అని ఆమె అసలు కూర్చోవడమే మానేసింది. అలాంటి ఇరవై నిమిషాలు రోజుకు రెండు, మూడు ఉన్నాయి.

ఈ కేసులో నేను నేర్చుకున్నది ఇదే. సరితకు కావలసింది ఉన్నపళంగా వదిలేసి లేవగలిగి, తిరిగి వచ్చేసరికి అదే స్థితిలో ఉండే పని.

ఏం మార్చాం

ముందుగా చట్రం. రెండడుగులు పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తేలికపాటి చెక్క చట్రం వడ్రంగి చేత చేయించాం. గుడ్డ ఒకసారి బిగిస్తే ఆ డిజైన్ పూర్తయ్యేదాకా విప్పదు. లేవాల్సి వస్తే గోడకు, పిల్లలకు అందని ఎత్తున కొట్టిన మేకుకు తగిలించి, పాత నూలు చీర ముక్క కప్పుతుంది. కూర్చోవాలంటే దింపుకోవడమే. ఇరవై నిమిషాల పని అర నిమిషానికి దిగింది.

రెండోది ఆగే చోటు. పువ్వు పూర్తిచేసి లేవడం అందరికీ ఇష్టం. సరితను మాత్రం రేక మధ్యలో, తర్వాతి కుట్టు ఎక్కడ పడాలో చేతికి తెలిసిన చోట ఆగమన్నాను. పువ్వు పూర్తయ్యాక ఆగితే మళ్లీ కూర్చున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించడానికే సమయం పోతుంది. సగం రేక కనిపిస్తే చేయి దానంతటదే కదులుతుంది.

మూడోది, రోజూ తరగతికి రావడం మాన్పించాను. ఇంటి దగ్గర పొద్దున పదింబావు నుంచి పదకొండు వరకు ఒక పూట. శనివారం మాత్రం నా దగ్గరికి రావాలి, గుడ్డ తిరగేసి చూస్తాను. దీనికి ఆమె ఒప్పుకోలేదు. "ముప్పావు గంటతో ఏమొస్తుంది మేడం, అందరూ రెండు గంటలు చేస్తుంటే" అని బాధపడింది.

అప్పుడు బ్రిటన్ పోస్టాఫీసు సంగతి చెప్పాను. అక్కడి ఉద్యోగులకు కీబోర్డు నేర్పుతూ అలన్ బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు 1978లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజుకు ఒక్క గంట నేర్చుకున్నవాళ్లకు, రోజుకు రెండేసి గంటల చొప్పున రెండు పూటలు నేర్చుకున్నవాళ్లకంటే తక్కువ మొత్తం గంటల్లోనే కీబోర్డు పట్టుబడింది. రోజుల లెక్కన మాత్రం వాళ్లకే ఎక్కువ కాలం పట్టింది. అందుకే అన్ని బృందాల్లోకీ అసంతృప్తి కూడా వాళ్లకే ఎక్కువ. తక్కువ శ్రమతో నేర్చుకుంటూ కూడా వెనకబడుతున్నామనే అనుకున్నారు. సరిత ఇదంతా విని, "అయితే నాకు అనిపిస్తున్నది కూడా అదేనా?" అంది. అదేనన్నాను. అప్పటి నుంచి పక్కవాళ్ల గుడ్డతో పోల్చడం మాన్పించి, పోయిన శనివారం నాటి తన గుడ్డనే పక్కన పెట్టి చూపించాను.

సెప్టెంబరు చివర మళ్లీ అదే పరీక్ష. అడుగు గొలుసు కుట్టు 12 నిమిషాలు, జారింది రెండుసార్లు.

దసరా సెలవుల్లో జరిగింది

దసరా సెలవులకు పిల్లలు ఇంట్లో ఉన్నారు. బతుకమ్మ పండుగ పనులు నెత్తి మీద ఉన్నాయి. అప్పుడే పూసల కుట్టు మొదలుపెట్టింది. పూసలు మూతలేని గిన్నెలో ఉన్నాయి. బాబు ఒక పూస ముక్కులో పెట్టుకున్నాడు. ఆమె వేలు పెట్టి తీయబోలేదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పూస తేలిగ్గానే బయటికి వచ్చింది, బాబుకు ఏమీ కాలేదు. వేలితో కెలికి ఉంటే పూస ఇంకా లోపలికి జారేది.

ఆ రాత్రి అత్తగారు, "ఇక చాలు, పిల్లలకన్నా ఈ పూసలు ఎక్కువా?" అన్నారట. చట్రం మేకు మీదే ఉండిపోయింది. మూడు వారాలు సరిత రాలేదు, ఫోను కూడా చేయలేదు.

ఈ పొరపాటులో నా వాటానే పెద్దది. చిన్నపిల్లలున్న ఇంటికి పూసలు పంపిస్తూ, వాటిని ఎలా దాచాలో నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇప్పుడు పూసల పాఠానికి ముందే మూత బిగుసుకునే స్టీలు డబ్బా తెచ్చుకోమంటున్నాను. ఆ డబ్బా చూశాకే పాఠం మొదలుపెడుతున్నాను. సూదులు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి పెట్టాలి.

నేనే వాళ్లింటికి వెళ్లాను. కోడలి తరఫున వాదించడానికి వచ్చానని అత్తగారు అనుకున్నారు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె కొంచెం మెత్తబడి, "అమ్మా, నాకు కోపం పని మీద కాదు. వాడి వెనక పరుగెత్తలేను నేను. ఏదన్నా అయితే కొడుకుకు ఏం జవాబు చెప్పను?" అన్నారు. సరిత కుట్టుకు కూర్చున్న ప్రతిసారీ బాబు బాధ్యత ఎవరూ చెప్పకుండానే తన మీద పడుతున్నదని ఆమె భయం. న్యాయమైన భయం. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అక్కడే కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. బాబు బడిలో ఉన్నప్పుడే కుట్టు. సెలవు రోజుల్లో పూసలు బయటికి తీయకూడదు, దారం పని మాత్రమే. ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలిద్దరూ తండ్రి బాధ్యత. పానగల్ ఉదయసముద్రం కట్ట మీదికి తీసుకెళ్తానని అతను మాట ఇచ్చాడు. అత్తగారికి ఏ బాధ్యతా పెట్టలేదు. రెండు వారాల తర్వాత, కందులు ఏరుకుంటూ ఆమే సరిత పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

పాప సంగతి వేరు. ఆ పిల్లకు కుట్టంటే ఇష్టం, పూసలు అందిస్తానంటూ వస్తుంది. చాలా ఇళ్లలో ఇది ముచ్చటగా మొదలై, చివరికి ఆడపిల్ల చదువు వేళను మింగేస్తుంది. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను. పాపకు సొంతంగా ఒక చిన్న గుండ్రటి రింగు, మామూలు సూది, రంగు దారం ఇప్పించాను. బుద్ధి పుడితే కుడుతుంది, లేదంటే లేదు. అమ్మ ఆర్డరుకు మాత్రం చేయి వేయకూడదు.

పెళ్లి జాకెట్టు

డిసెంబరులో పక్కింటివాళ్లు పెళ్లి జాకెట్టు ఇచ్చారు. మెడకూ చేతులకూ జర్దోసి (జరీ తీగ పని), మధ్యలో ముత్యాలు. 1,500 రూపాయలు, ఆరు రోజుల గడువు. నన్ను అడగకుండానే ఒప్పుకుంది. ట్రేసింగ్ పేపరు మీద డిజైన్‌కు సూదితో చిల్లులు పొడిచి, జింకు పొడి కిరోసిన్‌లో కలిపి గుడ్డ మీదికి దించే వరకు నేను సాయం చేశాను. మిగతాది ఆమె నాలుగు రాత్రులు ఒంటిగంట దాకా కూర్చుని పూర్తి చేసింది. మిల్లుకు వానాకాలం వడ్లు వచ్చే రోజులు కావడంతో భర్తకు ఆదివారాలు కూడా సెలవు లేదు. ఉదయసముద్రం మాట అలాగే ఉండిపోయింది. పాప పరీక్షకు చదివించేవాళ్లు లేకపోయారు.

జాకెట్టు బాగా వచ్చింది. శనివారం సరిత వచ్చి కూర్చుని, మెడ నొక్కుకుంటూ, "నాకిప్పుడు సూది పట్టుకోవాలనిపించడం లేదు" అంది.

ఇంతకాలం నా పద్ధతి వేరు. ఎంత తొందరగా సంపాదన మొదలైతే అంత మేలని నా విద్యార్థినులను ఆర్డర్ల వైపు తరిమేదాన్ని. సరిత దగ్గర ఆ తొందర ఖరీదు తెలిసింది. కొన్నాళ్లు ఆర్డర్లు ఆపమన్నాను. దానికి ఆమె అన్న మాటకు నా దగ్గర వెంటనే జవాబు దొరకలేదు. "మేడం, డబ్బులు వస్తేనే ఇంట్లో దీన్ని పని అంటారు. రాకపోతే కాలక్షేపం అంటారు."

నిజమే. అందుకని పూర్తిగా ఆపలేదు. రెండో చట్రం చేయించాం. ఒకటి ఆర్డర్లకు. నెలకు ఒక్క జాకెట్టే తీసుకోవాలి, గడువు ఇరవై రోజులకు తక్కువ ఉండకూడదు. రెండోది ఆమెది. దాని మీది పనికి గడువు లేదు, ధర లేదు.

ఆ రెండో చట్రం మీద మొదట పానగల్ పచ్చల సోమేశ్వరాలయంలో చూసిన లతల మలుపులు దించుకుంది. కందూరు చోళుల నాటి శిల్పం అది. చక్కగానే ఉంది, కానీ రెండు వారాల్లో వదిలేసింది. తర్వాత పుట్టింటి నుంచి తాతగారి పాత తేలియా రుమాలు తెచ్చుకుంది. ఎరుపు, నలుపు, తెలుపు. నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ నానబెట్టి, రంగులు అద్ది నేసే గుడ్డ అది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రుమాలు మీది నాలుగు పలకల బొమ్మను మగ్గం సూదితో వేస్తానంది.

చిటికి కట్టిన నూలుతో, అంటే అక్కడక్కడా బిగించి కట్టి రంగు అద్దిన నూలుతో, నేసిన బొమ్మకు అంచు కత్తిరించినట్టు ఉండదు. రంగు కాస్త పక్కకు పాకి ఈకల్లా కనిపిస్తుంది. గొలుసు కుట్టుకు అంచు పదునుగా వస్తుంది. మొదటిసారి వేసినప్పుడు పలక బొమ్మ కిటికీ జాలీలా వచ్చింది. నెలరోజులు దానితోనే కుస్తీ పట్టింది. ఒక శనివారం తెచ్చి చూపించింది. పలక అంచు దగ్గర కుట్టు వరుసలను ఒకటి పొడవు, ఒకటి పొట్టి చొప్పున ఆపింది. రెండు పోగుల దారాన్ని విడదీసి చివరి మూడు కుట్లు ఒంటి పోగుతో వేసింది. ఎరుపు నలుపులోకి చెదిరిపోతున్నట్టు వచ్చింది, అచ్చం చిటికి అంచులాగే. నేను నేర్పని పని అది. పదహారేళ్లలో నాకు తట్టనిది కూడా. ఆ రోజు బ్యాచ్ మొత్తాన్ని ఆ చట్రం చుట్టూ నిలబెట్టి, ఎలా వేసిందో ఆమె చేతే చెప్పించాను. జూలైలో ఆమెను తలవంచుకునేలా చేసింది కూడా ఆ గదిలోనే.

ఇప్పటి స్థితి

మార్చి మొదటి వారం పరీక్షలో అడుగు గొలుసు కుట్టు ఏడు నిమిషాలు, జారింది ఒక్కసారి. ఇప్పటికి జాకెట్లు మూడు పూర్తయ్యాయి. రుమాలు బొమ్మ పలకలు నాలుగింటిలో రెండు అయ్యాయి. వెనకవైపు ముడులు అడుగుకు నాలుగైదు ఇప్పటికీ ఉంటాయి. ఇంకా తగ్గించమని నేను అనడం లేదు. ఒక ముడి చూపించి, "బాబు పలక మీద తన పేరు రాసి పిలిచాడు" అని తనే చెప్పింది.

కుదరనివి కూడా రాయాలి. భుజం ఆమె భయపడినంత నొప్పి పెట్టలేదు, మెడ మాత్రం పెడుతున్నది. చట్రం ఎత్తు రెండుసార్లు మార్చాం, ఇంకా సరిపోలేదు. వడ్ల కాలంలో భర్త ఆదివారాలకు ప్రత్యామ్నాయం దొరకలేదు. యాసంగి వడ్లు వచ్చినప్పుడు మళ్లీ అదే సమస్య. కొత్తగా చేరిన తల్లులందరినీ ఇప్పుడు మొదటి వారంలోనే ఇంట్లో చట్రం ఎక్కడ పెడతారని అడుగుతున్నాను. ఇద్దరు గోడకు మేకు కొట్టించుకున్నారు. ఒకామె ఇంటి యజమాని మేకుకు ఒప్పుకోలేదు, బీరువా పైన పెట్టుకుంటున్నది.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లలు పెందలాడే వెళ్లి మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటున్నారు. ఆ తొందరలో పొద్దుటి వంటపని పది దాటినా తెమలడం లేదు, పదింబావు పూట పోయింది. ఎండకు మధ్యాహ్నం గదిలో కూర్చోలేం. తెల్లవారి అయిదున్నరకు, పాలు కాగే లోపు కూర్చుని చూస్తానంది సరిత. పూసలు లేకుండా, దారం పని మాత్రమే. మొదటి రోజు 22 నిమిషాలు కుదిరిందని ఫోను చేసి చెప్పింది.